చోకు లాగిన పొద్దు

మొన్న మా అక్క కొడుకు కొత్త పికప్ బండి కొని రాజోలులో ముందుగా నన్నే ఎక్కించుకున్నాడు. బొత్తాం నొక్కగానే అది సన్నగా గుర్రుమంది. వాడు మురిసిపోతున్నాడుగానీ, నేను మాత్రం అలవాటుగా పెట్రోలు వాసన కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను.

మన ఈడువాళ్ళకి ఆ వాసన గురించి చెప్పనక్కర్లేదు. నేను కొబ్బరికాయలు తోలే రోజుల్లో నాదొక పాత పెట్రోలు పికప్. మెకానిక్కయిన మా బావగారికి మస్కట్‌లో పని దొరికితే, అమలాపురంలో బస్సు ఎక్కించే బాధ్యత నాదయింది. ఆ బస్సు తప్పితే రైలూ, రైలు తప్పితే విమానమూ, దాంతో ఉద్యోగమూ పోయినట్టే. కొత్త పెళ్ళికూతురు మా అక్కని పక్కన పెట్టుకుని ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. తాళం తిప్పితే బండి దగ్గిందే తప్ప అంటుకోలేదు.

సాగనంపడానికి వీధంతా వచ్చింది. మా బాబయ్యగారు ఓసారి తాను చూస్తానంటే, పెద్దవారిని కాదనలేక దిగాను. ఆయన, ఇంజనుకి పెట్రోలు ఎక్కువ పారించే చోకు పిడి బయటికి లాగి, ఆక్సిలేటరు నాలుగుసార్లు తొక్కారు. బాబయ్యగారికిచ్చి తమకివ్వకపోతే నొచ్చుకుంటారని పక్కింటి మావయ్యగారికి, ఆపైన ఎదురింటాయనకి కూడా సీటిచ్చాను, అందరూ అదే పని చేశారు. మర్యాదలో మావాళ్ళని మించినవారు లేరు, ఆ పూట కొంప ముంచిందీ ఆ మర్యాదే. పెట్రోలు అందడం లేదని బాబయ్యగారు తేల్చేశారు. బావగారిని మాత్రం, తెల్లచొక్కాకి మసి అంటుతుందని ఎవరూ దిగనివ్వలేదు. ఆయనా బుద్ధిగా కూర్చున్నారు.

బస్సు వేళ దగ్గరపడ్డాక బావగారు దిగి బానెట్ ఎత్తారు.

"అందక కాదండీ, పెట్రోలు ఎక్కువై ఇంజను మునిగిపోయింది. ఇంకెవరూ చోకు ముట్టుకోకండి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు అందరూ, బుద్ధిమంతుల్లా.

స్పార్క్ ప్లగ్గులు విప్పితే తడిసి ముద్దయి ఉన్నాయి. అక్క ఇస్త్రీ చేసిచ్చిన రుమాలుతో వాటిని తుడిచి, కాసేపు గాలాడనిచ్చి బిగించి, చోకు లోపలికి నెట్టి, ఆక్సిలేటరు పూర్తిగా తొక్కిపట్టి తాళం తిప్పమన్నారు. గుప్పున నల్లపొగ వదిలి బండి లేచింది. కదిలిపోతున్న బస్సుని ఆపి మరీ ఎక్కించాను.

మొన్న బండి దిగాక అక్క ఇంట్లో ఆ సంగతే తలుచుకుంటే, వీధంతా కలిసి ఆయన ఉద్యోగం పోగొట్టబోయారని అక్క ఇన్నేళ్ళకీ విసుక్కుంది. బావగారు కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు.

"పెట్రోలు ఎక్కువైన వాసన నాకు బాబయ్యగారు చోకు లాగినప్పుడే తెలిసింది. నీ పక్కనుంచి లేవబుద్ధి కాలేదు."

అక్క లేచి లోపలికెళ్ళిపోయింది. బొత్తాం నొక్కితే కదిలిపోయే ఈ బండ్లు బాగున్నాయి, కాదనను. కానీ వెళ్ళేవాళ్ళకి ఆ కాస్త ఆలస్యం ఇప్పుడెవరిస్తారు?