గిన్నె అడుగున బురద

నా చిన్నప్పుడు శనివారం వచ్చిందంటే మా ఇంట్లో ఒక పని నాకే రాసిపెట్టి ఉండేది. పినపాక దగ్గర మా ఊరు. మా తాతయ్యకు కిరాయికి తిప్పే పాత డీజిల్ జీపు ఉండేది. అడవి రోడ్ల దుమ్ము ఇంజన్లోకి పోకుండా దాని ఎయిర్ ఫిల్టర్ కింద ఒక నూనె గిన్నె ఉండేది. గాలి ఆ నూనెను తాకి, పైనున్న జాలీ గుండా లోపలికి పోయేది. దుమ్మంతా గిన్నె అడుగున బురదలా పేరుకునేది. వారానికోసారి గిన్నె విప్పి, మురికి పారబోసి, డీజిల్‌తో కడిగి, లోపలున్న గీత వరకు కొత్త నూనె పోయాలి. బండికి కూడా ఊపిరి ఉంటదనేవాడు తాతయ్య.

అప్పుడు నాకు పదకొండేళ్లు. క్రిస్మస్ నెల. మర్నాడు చర్చిలో పాటలు, నేను ముందు వరసలో నిలబడాలి. ఆ గిన్నె ముట్టుకుంటే గోళ్ల సందుల్లో నలుపు వారమైనా పోదు. అందుకని తెలివి చూపించాను. పైన తేలిన మురికి నూనె కొంచెం ఒంపేసి, అడుగున బురద అలాగే ఉంచి, గీత దాటేదాకా కొత్త నూనె పోశాను. పైకి మిలమిలా మెరిసింది. తాతయ్య వచ్చి ఒకసారి చూసి, "అయిందా బిడ్డా?" అన్నాడు. అయిందన్నాను. నా మాట నమ్మి బిగించేశాడు.

తెల్లారగానే పక్కింటి అక్కకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాలి. నేను పక్కన ఉంటేనే ధైర్యమని అక్క నన్నూ జీపెక్కించింది. దారంతా నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. ఏ మరకా లేని నా చెయ్యి.

బూర్గంపాడు ఇంకా రాకముందే ఎత్తు ఎక్కుతూ జీపు దగ్గింది. గుప్పున పొగ వదిలి ఆగిపోయింది. తాతయ్య బానెట్ ఎత్తి గిన్నె విప్పాడు. గీత దాటి పోసిన నూనె బురదతో సహా పైకెక్కి జాలీ పూడుకుపోయి ఉంది. గిన్నెలో వేలు ముంచాడు. రెండో కణుపు దాకా బురద అంటింది. ఆయన తలెత్తి నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

అక్క భర్తకు కోపం ఆగలేదు. "గిదేంది పెద్దాయనా, గిసుంటి బండి తెస్తవా? నా పెండ్లానికేమన్నయితే ఎవడు జవాబు చెప్పాలె?" అని మీద మీదికి వచ్చాడు.

"తప్పు నాదే నాయనా, నేనే సూసుకోలే," అన్నాడు తాతయ్య. అలా అంటూనే గిన్నె, జాలీ కడగడం మొదలుపెట్టాడు. లోపల అక్క మూలుగుతోంది. కడగనిది నేనని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నోరు పెగల్లేదు.

దేవుడి దయవల్ల సమయానికి చేరాం. తల్లీ బిడ్డా క్షేమం. కానీ తాతయ్య బండికి ఉన్న పేరు మాత్రం ఆ పొద్దే పోయింది. ఆ తర్వాత మా వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా వేరే జీపు మాట్లాడుకునేవాళ్లు. అది మా వాకిలి ముందు నుంచే పోయేది. తాతయ్య అరుగు మీద కూర్చుని దాన్ని చూసేవాడు. నేను ఇంట్లోకి పారిపోయేదాన్ని.

మరుసటి శనివారం ఆ పని నాకిక ఇవ్వడనుకున్నాను. గిన్నె తెచ్చి నా ముందే పెట్టాడు. నా వేలు పట్టుకుని అడుగుదాకా ముంచి, "కండ్లతోటి గాదు బిడ్డా, గిట్ల అడుగు సూడాలె," అన్నాడు. అంతే. పోయేదాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. రెండు దెబ్బలేసినా బాగుండేది.

ఇప్పుడు నాకూ కారుంది. నూనె గిన్నెలు పోయి, గాలి గొట్టంలో ఎయిర్ ఫ్లో సెన్సర్ వచ్చింది. ఇంజన్లోకి ఎంత గాలి పోతోందో చెప్పే సన్నని తీగ అది. దుమ్ము పడితే బండికి ఊపు పోతుంది. దాన్ని నేనే ఊడదీసి, దానికోసమే అమ్మే స్ప్రే దూరం నుంచి కొట్టి, వేలు గానీ గుడ్డ గానీ తగలకుండా ఆరబెడతాను. పూర్తిగా ఆరేదాకా బిగించను. "షాపుల ఇస్తే అయిపోతది గద అత్తమ్మా, నీకెందుకీ తిప్పలు?" అని మా అల్లుడు నవ్వుతాడు. ఎవరైనా "అయింది" అంటే నేను నమ్మలేనని అతనికెలా చెప్పను?

మొన్న ఆ పక్కింటి అక్కనే కళ్ల ఆపరేషన్‌కు ఖమ్మం తీసుకెళ్లాను. దారిలో అక్క సీటు నిమురుతూ, "ఎంత సక్కగ పోతందే నీ బండి! పాపం మీ తాతకు బండి సూసుకునుడే రాకపాయె," అంది.

ఛీ, అప్పుడు కూడా నా నోరు పెగల్లేదు. స్టీరింగ్ పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఈ వయసులోనూ ఆ పదకొండేళ్ల పిల్లనే.

అందుకే ఇది రాశాను. మా తాతయ్య బండిని కన్నబిడ్డలా చూసుకున్నాడక్కా. ఆ గిన్నె కడగనిది నేను. ఎల్లుండి అక్క కంటి కట్టు విప్పుతారు. తనే చదువుకుంటుందిలే అని ఈ కాగితం చేతిలో పెట్టి రావచ్చు. కానీ అదీ పైపైన నూనె పోసినట్టే అవుతుంది. రేపే వెళ్లి, పక్కన కూర్చుని, నా నోటితో నేనే చదివి వినిపిస్తాను.