కెజయా అతుకు

పింగాణీ కార్ఖానాల లాంగ్టన్ ఊళ్ళో కెజయా కోల్‌క్లో వేసిన అతుకును పట్టుకున్నవాళ్ళు లేరు. రాగిరేకు మీది నీలం బొమ్మను పల్చటి కాగితం మీద అచ్చుతీసి ఇస్తారు. ఒకసారి కాలిన పళ్ళెం మీద దాన్ని పరిచి, గట్టి కుంచెతో రుద్ది, నీళ్ళలో కాగితం ఊడదీయడం మా బల్ల ఆడవాళ్ళ పని. అంచు చుట్టూ తిరిగిన తీగ మొదలూ చివరా కలిసేచోట మాకు ఏదో ఒక ఆకు తెగుతుంది. కెజయాకు తెగదు.

"మీ ఆయన్ని కూడా ఇలాగే అతికించుకున్నావా ఏమే?" అనేది పక్కన కూచునే డోర్కస్.

"నిన్నంటించి ఉంటే ఈపాటికి ఊడదీసేదాన్ని."

ఆమె భర్త ఈనాక్ పూత తొట్టి దగ్గర పనిచేసేవాడు. మా పళ్ళేలను సీసం కలిపిన తెల్లటి పూతలో ముంచి తీసేవాడు. ఆ సీసం ఒంటికి ఎక్కుతుంది; తొట్టి దగ్గర ముసలితనం వచ్చినవాణ్ణి మేం చూడలేదు.

ఆ చలికాలం, రెండోసారి కాలి వచ్చిన పళ్ళేల వెనక అతని వేలిగుర్తులు సాగి కనిపించాయి. కెజయా చూసింది. ఇంట్లో టీ ఒలికింది. అతని కుడి మణికట్టు వాలిపోయింది, ఎత్తితే నిలవలేదు.

తొట్టి పనివాళ్ళను చూడడానికి నెలనెలా డాక్టరు వస్తాడు. చేతులు చాపమంటాడు. వాలితే ఆ రోజుతో పని పోతుంది.

"పోనీ. ప్రాణం మిగులుతుంది," అంది కెజయా.

"మిగిలి ఎక్కడుంటుంది? పేదల ఆశ్రమంలో మొగుళ్ళు ఒక గోడవెనక, పెళ్ళాలు ఒక గోడవెనక. నీకు సరేనా?"

ఆమె సూదీదారం తీసింది. తన నడుం బిగించే లోబట్టలోంచి తిమింగలం ఎముక బద్ద ఒకటి లాగి, అతని కోటు కుడిచేతి లోపల మణికట్టు కిందికి వచ్చేలా కుట్టింది. కుట్టు కనబడలేదు.

డాక్టరు వచ్చాడు. ఈనాక్ చేతులు చాపాడు. రెండూ తిన్నగా నిలిచాయి.

"కోటు విప్పమంటారా దొరా?"

"చలిగా ఉంది, ఉంచుకో."

ఆ సాయంత్రం సారాకొట్లో ఈనాక్ "మా ఆవిడ అతుకు దేవుడు కూడా పట్టలేడు" అని పెద్దగా నవ్వాడట.

డాక్టరు మళ్ళీ వచ్చేలోపే ఈనాక్ తొట్టి పక్కన పడి గిలగిలా కొట్టుకున్నాడు. ఇంటికి మోసుకొచ్చాం. కిటికీ నిండా ఎండ ఉంది. "దీపం వెలిగించవే కెజయా," అన్నాడు. ఆమె వెలిగించింది. తెల్లారేసరికి పోయాడు.

శవాన్ని కడగడానికి డోర్కస్, నేనూ వెళ్ళాం. కోటు విప్పుతుంటే డోర్కస్ వేళ్ళకు బద్ద తగిలింది. ఆగి కెజయా వైపు చూసింది. కెజయా వచ్చి కుట్టు పళ్ళతో తెంపి, బద్దను బయటికి లాగింది. అతని చెయ్యి పక్కకు వాలింది.

ఆమెకున్న లోబట్ట అదొక్కటే. బద్దను అక్కడే మళ్ళీ దాన్లోకి దూర్చుకుంది.

పాతిపెట్టిన మర్నాడు పనిలోకి వచ్చింది. కాగితం పరిచి రుద్దింది. పక్కన డోర్కస్ తల వంచుకుని తన పళ్ళెం రుద్దింది. కెజయా పళ్ళెం నీళ్ళలో ముంచి కాగితం ఊడదీసింది. అంచు మీద ఏ ఆకూ తెగలేదు.