పెన్‌డ్రైవ్ మెడలో, పాఠం ఇంట్లో

మొన్న తాడేపల్లిగూడెంలో నా పరువు పోయింది. అదీ మామూలుగా కాదు, ప్రొజెక్టర్ వెలుగులో, గోడంత సైజులో! నవ్వకుండా వింటానంటే చెబుతా. సరే, నవ్వండి, టీ మాత్రం ఒలకబోసుకోకండి.

నేను పెదపాడులో స్కూలు పిల్లలకి సైన్సు చెబుతున్నా కదా. ఎమ్మెస్సీ జువాలజీ చేసి ఇన్నేళ్ళయినా, కాలేజీలో పాఠం చెప్పాలన్న కోరిక కోరికలాగే ఉండిపోయింది. అలాంటిది గూడెంలో ఒక జూనియర్ కాలేజీ నుంచి ఫోను. "డెమో క్లాసు చెప్పాలమ్మా. ప్రొజెక్టర్ పెట్టించాం, పవర్‌పాయింట్‌లో తెచ్చుకోండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఎగిరి గంతేశా! మా తమ్ముడి డిజిటల్ కెమెరా పట్టుకుని, కొల్లేట్లో పడవెక్కి, పక్షుల ఫొటోలు తీశా. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని స్లైడ్లు తయారుచేశా. మరి అవి గూడెం చేరేదెలా? ఫ్లాపీలో పట్టవు. నేనూ మా ఆయనా ఏలూరులో కంప్యూటర్ షాపుకెళ్ళాం.

"పెన్‌డ్రైవ్ కావాలండీ."

"మీదెన్ని ఎంబీయండీ?"

"ఎంబీయే కాదండీ, ఎమ్మెస్సీ!"

షాపాయన దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. మా ఆయన నా చెవిలో, "ఫైలు సైజు అడుగుతున్నారు" అన్నారు. మెడలో వేసుకునే తాడుందని ఎర్రది చూపించి, "ఇదివ్వండి" అన్నా.

ఇంటికొచ్చి, స్క్రీన్ మీదున్న నా పాఠం బొమ్మని పట్టుకుని పెన్‌డ్రైవ్‌లో పడేశా. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది!

"చూశారా, ఎంత స్పీడో! అందుకే మంచిది కొనాలంటా."

"ఒకసారి తెరిచి చూడరాదూ?" అన్నారు మా ఆయన.

"కళ్ళముందే కాపీ అయితే ఇంకా చూడ్డమేంటండీ?"

మర్నాడు దాన్ని మెడలో వేసుకుని బస్సెక్కా. పక్కసీటు మామ్మగారు, "కొత్త రకం తాయెత్తామ్మా?" అనడిగారు. అవునన్నా.

క్లాసు నిండా పిల్లలు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారు. నేను ఠీవిగా పెన్‌డ్రైవ్ తీసి గుచ్చా. దూరలేదు. తిప్పా. దూరలేదు. మళ్ళీ తిప్పితే దూరింది. ఫైలు నొక్కితే గోడ మీద ఇంత పొడుగు ఇంగ్లీషు మెసేజి. పక్షి లేదు, నీళ్ళు లేవు!

కంప్యూటర్ లాబ్ మేడమ్ వచ్చి చూసి మెల్లగా అన్నారు: "ఈ మూల చిన్న బాణం గుర్తుంది చూడండి. ఇది షార్ట్‌కటండీ. అసలు ఫైలు మీ ఇంట్లోనే ఉండిపోయింది."

మా ఆయనకి ఫోను చేద్దామా అంటే, ఆఫీసులో ఉన్నారు. ఇంటికి తాళం. ఇక బస్సెక్కి వెళ్ళిపోదామనిపించింది. కానీ పిల్లలందరూ నా వంకే చూస్తున్నారు. చాక్‌పీసు తీసుకుని, బోర్డు మీద ఒక పక్షిని గీశా.

"ఇదేంటో చెప్పండి?"

"బాతండీ!"

"కొంగండీ!"

"టీ కెటిలండీ!"

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చేసింది. దాంతో భయం కాస్తా పోయింది. అప్పుడు ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "ముక్కు కింద సంచి ఉంది కదండీ, గూడబాతండీ. మా నాన్నగారి చెరువు మీద వాలితే చేపలు మిగలవండీ."

"అయితే దాన్ని తరిమేయాలా?" అన్నా.

అంతే! చెరువులున్నవాళ్ళు తరమాలన్నారు, మిగతావాళ్ళు వద్దన్నారు. కొల్లేట్లో నీళ్ళు తగ్గితే పక్షెటు పోతుంది, చేపెటు పోతుందని నేనడిగా, వాళ్ళు చెప్పారు, వాళ్ళడిగారు, నేను చెప్పా. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. నేను స్లైడ్ల సంగతే మర్చిపోయా!

తర్వాత ప్రిన్సిపాల్ గారు తన గదికి పిలిచారు. "కరెంటు పోయినా మీ క్లాసు ఆగదమ్మా. సోమవారం నుంచి వచ్చేయండి" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయనుకోండి. లేచి దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్ళానో లేదో, మళ్ళీ పిలిచారు.

"ఒక్క మాటమ్మా, ఏమీ అనుకోకండి. బోర్డు మీద బొమ్మలు మాత్రం ఇంకెవరిచేతైనా వేయించండి. పిల్లలు పబ్లిక్ పరీక్షలో అవే వేసేస్తే కష్టం!"