లేవని సర్వరు, కార్డుల చాచా

ఆ రోజుల్లో మా నల్లగొండలో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. ఆ చెప్పులకు కాపలా కాస్తున్నట్టు పాతికేళ్లవాడొకడు గుమ్మంలో నిలబడి, వచ్చేవాళ్లను ఎగాదిగా చూస్తుండేవాడు. తొంభైల చివర్లో, ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆ పాతికేళ్లవాణ్ణి నేనే. హైదరాబాదులో ఆరు నెలల కోర్సు చేసొచ్చాను కనుక ఈ విద్యలో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. (జిల్లాలో ఇంకెవరికీ ఆ నమ్మకం లేదని తర్వాత తెలిసింది.) ఇప్పుడు వాణ్ణి తలచుకుంటే ముందు ఒక్కటి పీకాలనిపిస్తుంది, ఆ వెంటనే జాలేస్తుంది.

మా కాలేజీకి కంప్యూటర్ డిగ్రీ కోర్సు కావాలి. ఇవ్వాలో వద్దో తేల్చడానికి యూనివర్సిటీ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. ఆయనకు చూపించడానికి నేనొక ప్రోగ్రాం తయారుచేశాను. లైబ్రరీ పుస్తకాల జాబితా అంతా, లైబ్రరీ గదిలోనే ఒక మూల పెట్టిన సర్వరు అనే పెద్ద మిషన్‌లో ఉంటుంది. పక్కగది కంప్యూటర్ల నుంచి పుస్తకం పేరు కొడితే అది ఏ బీరువాలో ఉందో తెర మీద కనిపిస్తుంది. "గిది నడిస్తే కోర్సొస్తది, కోర్సొస్తే నీ నౌకరీ పక్కా. నడవకపోతే మళ్ల ఆలేరు బస్సెక్కుడే," అని ప్రిన్సిపాల్ సారు ముందే తేల్చేశాడు. ఆలేరులో మా బాపు అప్పటికే కొడుక్కి పక్కా నౌకరీ వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాడు. (అబద్ధం ఆయనది కాదు, నాదే.) కాబట్టి ఆ బస్సెక్కే మొహం నాకు లేదు.

లైబ్రరీని ఇరవై ఏళ్లుగా చూసుకుంటున్నవాడు కార్డుల చాచా. ప్రతి పుస్తకానికీ తన గుండ్రటి చేతిరాతతో ఒక కార్డు రాసి, చెక్క సొరుగుల్లో పేర్చాడు గనుక ఆ పేరు. నా జాబితా అంతా ఆ కార్డుల్లోంచి ఎక్కించిందే. నెల రోజులు నా పక్కన కూర్చుని ఒక్కో కార్డూ చదివి చెప్పాడాయన. అంత చేయించుకుని, ప్రోగ్రాం పూర్తయిన సాయంత్రం నేను చేసిన మొదటి పని, "నేను తప్ప ఎవరూ ఈ మిషన్ ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, దాని నెత్తిన అంటించడం. చాచా ఆ కాగితం చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. తన సొరుగులు మూసి ఇంటికి వెళ్లిపోయాడు. (పక్కనే ఇంకో చీటీ ఉండేది, ప్రోగ్రాం మొదలుపెట్టే రెండు పదాలు రాసి. అన్నీ తెలిసినవాడికి ఆ రెండు పదాలే గుర్తుండేవి కావు.)

పెద్దమనిషి రావలసింది పదకొండింటికి. పదింటికి నేను ఇస్త్రీ చొక్కాతో మిషన్ ముందు కూర్చున్నాను. దాన్ని రాత్రంతా ఆన్‌లోనే ఉంచాను, ఆపి మళ్లీ పెడితే తనను తాను తడిమి చూసుకుని లేవడానికి ముప్పావుగంట తీసుకునేది మరి. చీటీ చూసి రెండు పదాలు కొట్టాను. ప్రోగ్రాం లేచింది. మూడు సెకన్లు నిలబడి కూలబడింది. మళ్లీ కొట్టాను, మళ్లీ కూలింది. తెర మీద నలభై వరుసల ఇంగ్లిషు గబగబా పైకి పోయింది. అందులో మెమరీ అన్న మాట కంటపడగానే మెమరీ లెక్క మార్చాను. పడింది. సెట్టింగులు మార్చాను. పడింది. అనవసరం అనిపించిన ఫైళ్లు తీసేశాను, తీసేశాక అవే అవసరమేమోనని భయం పట్టుకుంది. ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

ప్రిన్సిపాల్ సారు నార్కట్‌పల్లి చౌరస్తాలోని ఎస్టీడీ బూత్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టాడు, పెద్దమనిషి జీపు కనిపించగానే ఫోన్ చేయమని. ఆ ఫోన్ రానే వచ్చింది. సారు గుమ్మంలోంచే కేకేశాడు. "జీపు నార్కట్‌పల్లి దాటిందట. ఇగ అర్ధగంటే. అంతా మంచిగున్నట్టేనా?"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానమొచ్చింది. ఇక మిషన్ ఆపి లేపే వ్యవధి కూడా లేదు. కరెంటును తిట్టాను, స్టెబిలైజరును తిట్టాను, తిట్టడానికి వస్తువులు అయిపోయాక మనుషుల మీద పడ్డాను. "ఎవరన్న ముట్టిండ్రా దీన్ని? ఊకె పడిపోతాంది. కాగితం రాసి పెట్టిన గదా, కండ్లు లేవా?" అని అరిచాను. గదిలో ఉన్నది చాచా ఒక్కడే. బీరువా దగ్గర నిలబడి చాలాసేపటి నుంచి ఒకే పుస్తకాన్ని తుడుస్తున్నాడు. ఆ పుస్తకాన్ని జాగ్రత్తగా లోపల పెట్టి, నా దగ్గరికొచ్చాడు.

"బేటా, జర గుస్సా కాకు. పొద్దుగాల నమాజ్ అయినంక నేనే వచ్చిన. ఇరవై ఏండ్ల సంది గీ లైబ్రరీల ఏ పనైనా బిస్మిల్లా అని నేనే షురూ చేసిన. ఇయ్యాల పెద్దోళ్లొచ్చి మీట నొక్కితె ఇగ నన్నెవరు దగ్గరికి రానిస్తరు? అందుకే గా చీటీల ఉన్న రెండు మాటలు కొట్టిన. పక్క రూంల కూసోని ఒక పుస్తకం పేరడిగిన, చెప్పింది. మస్తు ఖుషీ అయింది. ఇప్పుడేమో పడిపోతాందంటున్నవు." ఆగి, తన చేతులు చూసుకున్నాడు. "నేను ముట్టుకున్నందుకే ఖరాబైందా?"

నేను గిర్రున తెర వైపు తిరిగి, ఇంతసేపూ చదవని ఆ ఆఖరి నలభయ్యో వరుస చదివాను. ఈ జాగా ఇప్పటికే వాడుకలో ఉంది, అని శుభ్రంగా రాసి ఉంది. సర్వరు ప్రోగ్రాం మిషన్ లోపల ఒక నంబరున్న జాగాలో కూర్చుని జవాబులు చెబుతుంది. బస్టాండులో కిటికీలోంచి దస్తీ వేసి ఆపుకున్న సీటు లాంటిది అది, ఇంకొకరికి దక్కదు. చాచా లేపిన ప్రోగ్రాం పొద్దున్నుంచీ ఆ సీట్లో హాయిగా కూర్చుని ఉంది. నేను లేపినవన్నీ వచ్చి, సీటు లేదని చూసి, పడిపోతున్నాయి.

పక్కగదికి పరుగెత్తి ఒక పుస్తకం పేరు కొట్టాను. మూడో బీరువా, రెండో అర, అని తెర మీద వచ్చింది. అక్కడే కుర్చీలో కూలబడ్డాను. నేను సెట్టింగులన్నీ చెడగొట్టి ఫైళ్లు తీసేశాక, ఇంకోసారి లేచే ప్రోగ్రాం అంటూ లేదు. నా వైద్యానికి ముందే లేచింది గనుక చాచాది ఒక్కటే బతికిపోయింది.

జీపు వచ్చింది. పెద్దమనిషి అందరి ముందూ ఒక మీట నొక్కాడు. (అది దేనికీ సంబంధం లేని మీట.) పుస్తకం పేరు అడిగితే బీరువా నంబరు వచ్చింది, చప్పట్లు మోగాయి. "దీన్నంతా నడిపిస్తున్నది ఎవరు?" అని ఆయన అడిగాడు. నేను చాచా వైపు చూశాను. ఆయన కూడా నా వైపే చూస్తున్నాడు. "నేనే సార్," అన్నాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చాచానే. కోర్సొచ్చింది, నౌకరీ పక్కా అయింది, బాపు మాట నిజమైంది. ఆ మధ్యాహ్నం సిగ్గేసి ఆ కాగితం పీకేద్దామని వెళ్తే అది లేదు. ఊడ్చేశారేమో అనుకున్నాను. ఆ రాత్రంతా కూర్చుని నేను చెడగొట్టినవన్నీ సరిచేసి, మరునాటి నుంచి రోజూ పొద్దున ప్రోగ్రాం మొదలుపెట్టే పని చాచాకే అప్పగించాను, కానీ తప్పయిందని చెప్పే నోరు మాత్రం పెగల్లేదు.

రెండేళ్లకు ఆయన రిటైరవుతూ సొరుగుల తాళం చెవులు నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం ఒంటరిగా కూర్చుని సొరుగులు చూస్తుంటే ఆఖరి దాంట్లో నా కాగితం దొరికింది, నాలుగు మడతలతో, ఒక కార్డుకు గుచ్చి. కార్డు మీద ఆ గుండ్రటి చేతిరాత. పేరు: ముట్టుకోవద్దు. రచయిత అన్నచోట నా పేరు, ముందు శ్రీ అని కూడా చేర్చి. దాని మీద అడ్డంగా, లైబ్రరీలోంచి తీసేసిన పుస్తకాలకు వేసే ఎర్ర ముద్ర: రద్దు. తేదీ ఆ పెద్దమనిషి వచ్చిన రోజుదే. నేను చెప్పుకోలేని తప్పును ఆయన ఆ పూటే కొట్టేసి, ఆ సంగతి నాకు చెప్పకుండా రెండేళ్లు రోజూ నాతో చాయ్ తాగాడు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. తీసి చూసినప్పుడల్లా ముందు నవ్వొస్తుంది, తర్వాత కళ్లజోడు తుడుచుకోవలసి వస్తుంది.