తుడవని అంచు

మా అమ్మాయి ఇక లేదు. ఇక్కడ అమెరికాలో, క్యారీ ఊళ్ళో మా ఇంటికి వచ్చిపోయే మీలో చాలామందికి కబురు అందే ఉంటుంది. పాడు జబ్బు దాన్ని బతకనివ్వలేదు. నాకు రాయడం అంతగా రాదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

అది లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసేది. ఇంటికొచ్చినా వేళ్ళు జిగురు వాసన వేసేవి. ఎన్ని తువ్వాళ్ళున్నా చేతులు నా చీరకొంగుకే తుడుచుకునేది.

ఒకసారి నన్ను తీసుకెళ్ళి ఒక పుస్తకం చూపించింది. హంగేరీ దేశానిది, వందల ఏళ్ళ నాటిది, ఎక్కడోగానీ దొరకదట. కళ్ళకద్దుకుందామని వంగాను. చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, డోంట్ టచ్! అయినా ఇది దండం పెట్టే పుస్తకం కాదు, తిట్ల పుస్తకం."

ఒక పాస్టర్ వేరే చర్చివాళ్ళని పేజీలకొద్దీ తిట్టిపోశాడట. అంచున ఖాళీలో సిరా గీతలున్నాయి. చదివినవాడెవడో తిరిగి తిట్టాడట.

"ఆ పిచ్చిరాతలు తుడిచెయ్యవే, శుభ్రంగా ఉంటుంది."

"తుడిస్తే ఒకడి మాటే మిగుల్తుందమ్మా. నాకు ఇద్దరూ కావాలి."

అంటూ నావైపు చూసింది. అల్లుడు చర్చికి వెళ్ళే అబ్బాయి. ఆ పెళ్ళి మీద మా ఇంట్లో గొడవ ఎప్పుడూ చల్లారలేదు. "నీ తిట్లు కూడా దాచిపెడతాలే" అని నవ్వింది.

సాగనంపే రోజు ఫ్యునరల్ హోమ్‌లో, పెట్టెలో పడుకోబెట్టిన దానికి చెరోవైపూ నిలబడ్డాం, నేనూ అల్లుడూ. అతని చేతిలో ప్రార్థనల పుస్తకం, నా చేతిలో కుంకుమ భరిణె.

"అత్తయ్యా, ప్రేయర్ చెయ్యకుండా పంపలేను."

"బొట్టు లేకుండా నేను పంపను."

"బొట్టు వద్దని నేనెప్పుడైనా అన్నానా?"

"మీవాళ్ళు అనలేదా?"

పెట్టె తీసుకెళ్ళాల్సిన మనిషి తలుపు దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. ఇద్దరం కదల్లేదు. దాని ముఖం చూస్తే, ఆ రోజు "నాకు ఇద్దరూ కావాలి" అన్న మాటే గుర్తొచ్చింది.

"నువ్వు చదువు బాబూ" అన్నాను. "నేను బొట్టు పెడతాను."

నేను పెట్టిన బొట్టు వంకరపోయింది. అతనే బొటనవేలితో సరిచేశాడు. ఆ వేలితోనే పుస్తకం తెరిచాడు. పేజీ అంచున ఎర్రటి మరక పడింది. తుడవబోయాడు. నావైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, చదవడం మొదలుపెట్టాడు.