వాలాంగ్ వేరు, ఓలంగు వేరు

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది నేను గురజాలలో మిషన్ బడి టీచరుని. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. పగలంతా మూడో తరగతి పిల్లలతో అరిచి అరిచి గొంతు పోయేది. అది చాలదన్నట్టు యుద్ధం మొదలయ్యాక హెడ్మాస్టరు గారు బడి గోడకు వీధివైపు ఒక నల్లబల్ల తగిలించి, రోజూ సాయంత్రం దానిమీద యుద్ధవార్తలు రాయమన్నారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పజెప్పారు. కాదనే ధైర్యం ఆ వయసులో లేదు.

వార్త రాయడం కష్టం కాదు. ఊళ్ళ పేర్లతోనే చిక్కు. నరసరావుపేట బస్సులో మధ్యాహ్నం దిగే పత్రికలో ఒక ఊరు ‘బొమ్‌డిలా’. సాయంత్రం పంచాయతీ ఆఫీసు రేడియోలో అదే ఊరు ‘బోందిలా’ అని వినపడేది. ఇంగ్లీషు వార్తలు వినే కోర్టు గుమాస్తా ఒకాయన రెండూ తప్పేననేవాడు. తవాంగ్ అని రాస్తే టవాంగ్ అని దిద్దమనేవాడు. దిద్దితే హెడ్మాస్టరు గారికి కోపం. తుడవడం, మళ్ళీ రాయడం. బల్ల ముందు నిలబడ్డవాళ్ళు ఎవరికి నోరు తిరిగినట్టు వాళ్ళు చదువుకునేవారు. కొందరి నోట్లో బోందిలా కాస్తా ‘బొందల’ అయింది. శ్మశానాన్ని బొందలగడ్డ అనే ఊళ్ళో ఆ మాట వినడానికి బాగుండేది కాదు. అయినా ఎవరూ నవ్వలేదు.

పాత యుద్ధంలో బర్మాలో మిలిటరీ లారీ నడిపి వచ్చిన సాయిబు ఒకాయన బస్టాండు దగ్గర మెకానిక్ పని చేసేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. అక్కడా ఇంతేనని చెప్పేవాడాయన. దొర ఒక పేరు చెప్పేవాడట, మ్యాపులో ఇంకోటి ఉండేదట, ఆ ఊరివాళ్ళు వేరే ఏదో అనేవాళ్ళట.

మా పక్క వాటాలో ఒక అక్క ఉండేది. కూలిపనికి పోయేది. తల్లీతండ్రీ పోతే తమ్ముణ్ణి ఆమే పెంచింది. ఆ తమ్ముడు పటాలంలో చేరి నాలుగేళ్ళు. అతని ఉత్తరాలన్నీ నేనే చదివిపెట్టేదాన్ని. కవరు మీద నంబరే తప్ప ఊరుండదు. కానీ యుద్ధానికి ముందు, ఎండాకాలంలో రాసిన ఒక ఉత్తరంలో మాత్రం, ‘మేమున్న చోటికి దగ్గర్లో ఓలంగు అని ఊరుంది, ఏరు కూడా ఉంది, చలి ఎక్కువ’ అని రాశాడు. అక్క ఆ పేరు పట్టుకుంది. సాయంత్రం పత్తి ఏరి వచ్చి, బల్ల దగ్గర ఆగి, ఓలంగు ఉందా అని అడిగేది. లేదనేదాన్ని. అప్పటికి నిజంగానే లేదు.

కార్తీకంలో ఒకరోజు పత్రికలో వచ్చింది. వాలాంగ్ నుంచి మన సేనలు వెనక్కి తగ్గాయని. ఓలంగు ఇదేనని చూడగానే నాకు అర్థమైంది. రాయకుండా ఉందామనుకున్నాను గాని హెడ్మాస్టరు గారు పత్రిక ముందే చదివేశారు. రాశాను. రాస్తుండగా వెనక ఎవరో పైకి చదివారు. చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేసరికి అక్క ఆ ఉత్తరం పట్టుకుని నా గుమ్మంలో కూర్చుని ఉంది.

“టీచరమ్మా, బల్ల మీద ఏందో వాలంగంట. మావోడు రాసింది ఇదేనా?”

ఆ రోజు నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది. పొయ్యి కూడా రాజెయ్యలేదు. ఉత్తరం తీసుకుని, ఆ మాట మీద వేలు పెట్టి, ఇక్కడున్నది ‘ఓ’, పత్రికలో ఉన్నది ‘వా’ అని చెప్పాను. వాలాంగ్ వేరు, ఓలంగు వేరు అన్నాను. రెంటికీ చానా దూరమని కూడా అన్నాను. ఆమె మీద జాలితోనే అలా అన్నానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఉన్నమాట చెబితే ఆమె ఏడుస్తుంది, ఆ ఏడుపు ముందు కూర్చుని ఓదార్చాలి. ఆ సాయంత్రం నాకు అంత శక్తి లేదు.

ఆమె నమ్మింది. చదువుకున్నదాన్ని నేను చెప్పాను కదా. పనికి పోయింది, అన్నం తిన్నది. మిషన్ గుడిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటుంటే వెళ్ళి గొంతు కలిపింది. శావల్యాపురంలో ఎవరి కొడుకో జాడ తెలియలేదని విని, ఆ తల్లి కోసం గుడిలో లేచి ప్రార్థన చేసింది. నేను వెనక బల్ల మీద కూర్చుని తల దించుకున్నాను.

క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా ఉత్తరం వచ్చింది. ఆసుపత్రి నుంచి, వేరేవాళ్ళ చేతిరాతతో. వాలాంగ్ దగ్గర చెదిరిపోయి, మంచులో కొండలు దిగుతూ రోజుల తరబడి నడిచారట. అతని ఎడమకాలి వేళ్ళు చచ్చుబడితే తీసేశారట. ప్రాణానికి భయం లేదట. ఊరి పేరు వచ్చిన చోట దాటేసి చదవొచ్చు. దాటలేదు. ఉన్నదున్నట్టు చదివాను.

అక్క ఉత్తరం నా చేతిలోంచి తీసుకుంది. తరవాత అడిగింది.

“ఆ రోజు నీకు తెలుసు గదా?”

తెలుసన్నాను.

“చెప్తే ఏడ్చేదాన్ని. ఏడిస్తే ఏమైద్ది? ఆడు మంచులో నడస్తా ఉంటే నేనీడ పాటలు పాడతా ఉన్నా. ఊళ్ళోవాళ్ళందరి కోసం ప్రార్థన చేశా, ఆడి కోసం చెయ్యలా. ఆ రోజులు మళ్ళీ రావు, టీచరమ్మా.”

గొంతు పెంచలేదు. ఉత్తరం మడిచి రొండిన దోపుకుని వెళ్ళిపోయింది. జవాబు నన్ను రాయమని అడగలేదు. బస్టాండుకు నడిచి వెళ్ళి మెకానిక్ బాబాయ్ చేత రాయించుకుంది.

నాతో మాట మానలేదు. గోంగూర తెస్తే నాకూ ఒక కట్ట ఇచ్చేది. ఉత్తరాలు మాత్రం నా దగ్గరికి రాలేదు. సంక్రాంతి సెలవులయ్యాక ఒక సాయంత్రం పలక తెచ్చుకుని వచ్చింది. అక్షరాలు నేర్పమంది. ఇంకొకళ్ళ నోటితో వినడం ఇక తన వల్ల కాదంది. నా మీద కోపమా, నమ్మకమా అని అడగలేకపోయాను.

అప్పటికి మిరపకాయల పని మొదలైంది. ఆమె వేళ్ళు మండుతుండేవి, బలపం సరిగా పట్టలేకపోయేది. దిద్దుతూ దిద్దుతూ కునుకు తీసేది. నేనూ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేదాన్ని. ఇద్దరిలో ఎవరికి ముందు మెలకువ వస్తే వాళ్ళు రెండోవాళ్ళను లేపేవాళ్ళం. గుణింతాలు వచ్చాయి. ఒత్తులు రాలేదు. వేసవి మొదట్లో తమ్ముడికి తనే కార్డు రాసుకుంది. ఏం రాసిందో నాకు చూపించలేదు.

ఎండలు ముదిరాక అతను ఇంటికి వచ్చాడు. కర్ర పట్టుకుని నడిచేవాడు. మాట మృదువు. ఒకరోజు వసారాలో కూర్చుని ఉంటే, ఆ ఊరి పేరు అసలు ఎలా పలకాలని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

“ఏమో టీచర్ గారూ. ఒక్కొక్కడూ ఒక్కో రకంగా అనేవాడు. మేం ఎక్కువ ‘పైన’ అనేవాళ్ళం, అంతే” అన్నాడు.

అక్క లోపలినుంచి మజ్జిగ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఆ జూన్‌లో నాకు మాచర్లకు బదిలీ అయింది.