ఖాళీ గొట్టం మింగిన ఆనందమైడ్

ఆ ఉద్యోగం ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది యాదమ్మ. బోయిన్‌పల్లిలో మా వీధిలోనే ఉండేది. కార్ఖానా ప్రాంతంలోని ఒక చిన్న పరిశోధనశాలలో గాజుసామాను కడిగే అటెండరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త, ఊరంతా కంప్యూటరు కోర్సుల వెంట పరుగెడుతున్న రోజులు. "అక్కా, మా ల్యాబుల ఒక కుర్సీ ఖాళీ అయింది. ఆ పిల్ల సాఫ్ట్‌వేర్ నేర్సుకుంటనని పోయింది. నువ్వు జెర దరఖాస్తు పెట్టరాదు?" అంది. నేనేమో కాంపౌండరైన మా నాన్నగారి దగ్గర ఇంట్లోనే చదువుకుని, పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టినదాన్ని. నాకిస్తారా అనుకుంటూనే పెట్టాను. ఇచ్చారు! టెక్నికల్ అసిస్టెంటు, ఏడాది ప్రొబేషను. దేవుడి దయ, ఆ వెంటనే యాదమ్మ దయ.

మా పని ఆనందమైడ్ మీద. గంజాయిలోని పదార్థం మెదడులో ఏ గ్రాహకాలను తడుతుందో, వాటినే తట్టే కొవ్వు పదార్థం ఒకటి మన ఒంట్లోనే తయారవుతుంది. దానికి పేరు పెట్టినవాళ్లు మన సంస్కృతంలోని ఆనందాన్నే తీసుకున్నారట. అది విన్న రోజు దీపం పెడుతూ కూడా నవ్వాపుకోలేకపోయాను. పని అయిపోగానే కణం దాన్ని లోపలికి తీసుకుని, ఒక ఎంజైముతో రెండు ముక్కలు చేసేస్తుంది. నూనెలాంటిది, నీటిలో కలవదు. మరి లోపలికెలా వెళ్తుంది? కణం పొరలో దానికోసమే ఒక ద్వారం ఉందని మా ప్రాజెక్టు పెద్ద, డాక్టరుగారి నమ్మకం.

గొట్టంలో కణాలు వేసి, రేడియోధార్మిక గుర్తు తగిలించిన ఆనందమైడ్ కలిపి, ఒంటివేడి ఉన్న నీటితొట్టిలో ఐదు నిమిషాలు ఉంచేదాన్ని. ఆపైన మంచులో పెట్టి, యంత్రంలో గిరగిరా తిప్పి, పైకి తేలిన ద్రవంలో ఎంత మిగిలిందో కొలిచేదాన్ని. తగ్గినదంతా కణాలు మింగినట్టు లెక్క. అందులోంచి ఖాళీ గొట్టం విలువ, అంటే కణాలు లేకుండా ఆనందమైడ్ మాత్రమే పోసిన గొట్టంలో తగ్గినది, తీసేయాలి. ఆ విలువ రిజిస్టరు మొదటి పేజీలో ఉండేది. ప్రతిసారీ అదే తీసేసేవాళ్లం.

గాజు గొట్టాలు తరచూ పగులుతున్నాయని, యాదమ్మకు నాలుగు చీవాట్లు పెట్టి, ప్లాస్టిక్‌వి తెప్పించారు. అప్పటినుంచి చూడాలి మా వైభవం! కణాలు ఆనందమైడ్‌ను గుటకాయస్వాహా చేసేస్తున్నాయి. డాక్టరుగారు వరండాలో ఈలవేశారు. రెజిమెంటల్ బజార్ నుంచి మిఠాయి తెప్పించి వాచ్‌మన్‌తో సహా అందరికీ పంచారు. సోమవారం సమీక్ష సంఘం వస్తుంది, ద్వారం దొరికిందని చెప్పేస్తానన్నారు. నా ప్రొబేషను కాగితం మీద సంతకం కూడా ఆ రోజే అన్నారు. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక యాదమ్మ నా కొత్త ప్లాస్టిక్ డబ్బా తోముతూ విసుక్కుంది. "ఏందక్కా ఈ డబ్బ? పులిహోర నూనె ఇడుస్తనే లేదు. నా స్టీలుది సూడు, ఒక్కపారికే సాఫ్! షోకు నీది, తక్లీఫ్ నాది."

నవ్వబోయి ఆగిపోయాను. మా ఆనందమైడూ నూనెలాంటిదే. మా గొట్టాలూ కొత్త ప్లాస్టిక్కే. రిజిస్టరులోని విలువ గాజు కాలం నాటిది.

శనివారం పొద్దున్నే, ఒక్క కణమైనా వేయకుండా ప్లాస్టిక్ గొట్టాలు పెట్టాను. ఆనందమైడ్ ఎప్పటిలాగే మాయం! తినేవాళ్లు లేకపోయినా విస్తరి ఖాళీ. అంతా గొట్టం గోడకే అంటుకుపోయింది. చెబితే నా సంతకం పోవచ్చు. చెప్పకపోతే డాక్టరుగారి మాటే పోతుంది. స్వామిని తలుచుకుని, ఆ లెక్కల కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీశారు. "అంటే సుభద్రగారూ, మనం మిఠాయిలు పంచింది ప్లాస్టిక్ గొట్టం పేరు మీదన్నమాట!" అని పగలబడి నవ్వారు. గుమ్మం దగ్గర యాదమ్మ, "మిఠాయి మాత్రం మంచిగుండె సార్" అంది. ఇక ముగ్గురం ఆగలేకపోయాం.

మిగిలిన గాజు గొట్టాలు వెతికి తీశాం. ఆదివారమంతా యాదమ్మ కడిగింది, నేను కొలిచాను. ఈసారి ప్రతి వరుసకూ పక్కనే ఖాళీ గొట్టం. గాజుకూ కాస్త అంటింది కానీ చాలా తక్కువ. అది తీసేశాక కణాల వంతు చిన్నదే మిగిలింది. అయితే ఎంజైమును ఆపే మందు వేయగానే ఆ వంతు ఇంకా పడిపోయింది. లోపలిది ముక్కలై ఖాళీ అవుతూ ఉండటమే, బయటి ఆనందమైడ్‌ను లోపలికి రప్పిస్తోంది! డాక్టరుగారు బల్లమీద దరువు వేశారు.

సోమవారం ఆయన మా పొరపాటుతోనే మొదలుపెట్టి అంతా చెప్పారు. ద్వారం ఉందని గానీ లేదని గానీ అనలేదు. సంఘం పని కొనసాగించమంది. సాయంత్రానికి నా కాగితం మీద సంతకం పడింది.

గొట్టం మారిన రోజే ఖాళీ గొట్టాన్ని మళ్లీ కొలవాలి. రిటైరయ్యేదాకా నా కింద చేరిన ప్రతి ఒక్కరికీ మొదటిరోజు నేర్పింది ఇదే. తర్వాత అచ్చయిన మా పరిశోధన వ్యాసంలో డాక్టరుగారి పేరుంది, చివర కృతజ్ఞతల్లో నా పేరుంది. యాదమ్మ పేరు ఎక్కడా లేదు. జిడ్డు వదలని డబ్బా మీ చేతికి వచ్చినప్పుడు, దయచేసి ఆమెను ఒక్కసారి తలుచుకోండి.